అణుబాంబు లేకుండా జపాన్ లొంగిపోయేదా? తేదీల వెంట ఒక పరిశీలన

1945 జులై 25న జనరల్ థామస్ హ్యాండీ వాషింగ్టన్ నుంచి ఒక ఉత్తర్వు పంపాడు. అది పసిఫిక్‌లోని వ్యూహాత్మక వైమానిక దళాల అధిపతి కార్ల్ స్పాట్జ్ కోసం. ఆగస్టు 3 తర్వాత, లక్ష్యం కంటికి కనిపించేలా వాతావరణం అనుకూలించిన వెంటనే మొదటి ప్రత్యేక బాంబును, అంటే అణుబాంబును, హిరోషిమా, కోకురా, నీగతా, నాగసాకిల్లో ఏదో ఒకదానిపై వేయాలన్నది అందులో మొదటి అంశం. రెండో అంశం ఇంకా కీలకం: ఆ తర్వాత బాంబులు తయారవుతున్న కొద్దీ అవే నగరాలపై వేస్తూ పోవాలి. లొంగిపోకపోతే సర్వనాశనం తప్పదని జపాన్‌ను హెచ్చరించిన పోట్స్‌డాం ప్రకటన వెలువడింది ఆ మర్నాడు.

ఈ ఉత్తర్వు మీద అధ్యక్షుడు ట్రూమన్ సంతకం లేదు. మాన్‌హాటన్ ప్రాజెక్టు అధిపతి లెస్లీ గ్రోవ్స్ ముసాయిదా రాశాడు. అప్పుడు మిత్రదేశాల సదస్సు కోసం జర్మనీలోని పోట్స్‌డాంలో ఉన్న యుద్ధ మంత్రి హెన్రీ స్టిమ్సన్, సైన్యాధ్యక్షుడు జార్జ్ మార్షల్ సరేనన్నారు. బాంబు వేయాలా, సైన్యాన్ని జపాన్ గడ్డపై దించాలా అని రెండు దారులనూ ఎదురెదురుగా పెట్టుకుని, చర్చించి, ఒకదాన్ని ఎంచుకున్న సమావేశం రికార్డుల్లో ఎక్కడా కనిపించదు. దండయాత్ర సన్నాహాలు, బాంబు సన్నాహాలు, నగరాలను తగలబెట్టడం, సముద్ర దిగ్బంధం అన్నీ ఏకకాలంలో నడిచాయి. ఒకటి ఆపి మరొకటి మొదలుపెట్టాలని ఎవరూ అనుకోలేదు.

‘బాంబా, దండయాత్రా’ అన్న చట్రం యుద్ధం ముగిశాక వచ్చింది. చర్చ ఎనభై ఏళ్లుగా తెగకపోవడానికి సగం కారణం ఈ చట్రమే. మిగతా సగం, మూడు రోజుల తేడాతో పడిన రెండు బాంబులను ఒకే గాటన కట్టి ఒకే తీర్పు చెప్పాలని చూడడం. ఎవరు, ఏ రోజున, ఏం తెలిసి మనసు మార్చుకున్నారో చూసుకుంటూ పోతే హిరోషిమాకు వచ్చే జవాబు వేరు, నాగసాకికి వచ్చే జవాబు వేరు.

ప్రాణాల లెక్క

బాంబును సమర్థించేవారు మొదట చూపేది దండయాత్రలో పోయేవన్న ప్రాణాల సంఖ్య. అమెరికన్ బలగాలకే పది లక్షలకు పైగా నష్టం జరగవచ్చని తనకు చెప్పారని 1947 ఫిబ్రవరిలో స్టిమ్సన్ ఒక పత్రికా వ్యాసంలో రాశాడు. ఆ నష్టంలో మృతులు, క్షతగాత్రులు, గల్లంతైనవారు అందరూ కలిసే ఉన్నారు. 1955లో ట్రూమన్ జ్ఞాపకాల్లోకి వచ్చేసరికి అది ఐదు లక్షల అమెరికన్ ప్రాణాలైంది.

1945 జూన్ 18న శ్వేతసౌధంలో ట్రూమన్ ముందుకు వచ్చిన అంకెలు అంత పెద్దవి కావు. జపాన్ దక్షిణాన ఉన్న క్యుషూ దీవిపై మొదటి 30 రోజుల్లో నష్టం ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ పోరాటంలో జరిగిన 31 వేలను మించకపోవచ్చని మార్షల్ చెప్పాడు. ఒకినావాలో నష్టం 35 శాతం ఉందని, అదే లెక్క ఇక్కడా వేసుకోవాలని అడ్మిరల్ లీహీ అన్నాడు. దానికి మూడు రోజుల ముందు సంయుక్త యుద్ధ ప్రణాళికల కమిటీ ఒక అంచనా తయారుచేసింది. దక్షిణ క్యుషూ, తర్వాత టోక్యో మైదానం రెండూ పట్టుకోవాల్సి వస్తే 40 వేల మృతులతో కలిపి మొత్తం నష్టం 1,93,500 ఉంటుందని అందులో ఉంది.

విమర్శకులు చాలామంది ఈ జూన్ అంకెల దగ్గరే ఆగిపోతారు. ఇక్కడ వాళ్ల వాదన బలహీనం. జూన్ లెక్కలు వేసినప్పుడు క్యుషూలో జపాన్ బలం దండయాత్ర నాటికి మూడున్నర లక్షలకు చేరుతుందని అనుకున్నారు. జులైలో జపాన్ సైనిక సంకేతాలను ఛేదించి చదివిన కొద్దీ ఆ అంకె ఎగబాకింది. ఆగస్టు మొదటికి అక్కడ 14 డివిజన్లు, సుమారు ఆరు లక్షల మంది తేలారు. అమెరికన్లు ఎక్కడ దిగుతారో జపాన్ సరిగ్గా ఊహించింది. వాళ్లు దిగదలచిన దక్షిణ తీరాల దగ్గరే కొత్త డివిజన్లు పేరుకున్నాయి. వేల సంఖ్యలో ఆత్మాహుతి విమానాలను దాచిపెట్టారు. దాంతో నౌకాదళ నాయకత్వంలో ఈ దండయాత్రపై నమ్మకం సడలడం మొదలైంది. జూన్ అంకెలకు ఆగస్టులో విలువ లేదన్న చరిత్రకారుడు రిచర్డ్ ఫ్రాంక్ వాదనకు గట్టి ఆధారం ఉంది.

కానీ అదే ఆధారం మరోవైపు కూడా కోస్తుంది. నష్టం అంత భయంకరంగా కనిపిస్తుంటే ఆ దండయాత్ర జరిగి తీరేదని ఎలా చెప్పగలం? క్యుషూపై దిగడానికి పెట్టుకున్న తేదీ నవంబర్ 1. టోక్యో మైదానానికి 1946 మార్చి 1. హిరోషిమాపై బాంబు పడిన రోజు నుంచి క్యుషూ తేదీకి 87 రోజులున్నాయి. ఆగస్టు 6న బాంబు పడకపోతే ఆగస్టు 7న ఏ అమెరికన్ సైనికుడూ క్యుషూ ఒడ్డున చచ్చిపోయేవాడు కాదు. ఆ 87 రోజుల్లో ఏం జరిగేదన్నదే అసలు ప్రశ్న.

ఆ 87 రోజులు ఉచితంగా గడిచేవి కావన్నది నిజం. చైనాలో, ఇండోచైనాలో, ఇండోనేషియా దీవుల్లో జపాన్ ఆక్రమణ కింద జనం ఆకలితో, వెట్టిచాకిరితో చనిపోతూనే ఉన్నారు. మలయాపై దిగేందుకు భారత డివిజన్లతో బ్రిటిష్ కమాండ్ సిద్ధం చేసిన దాడికి సెప్టెంబర్ 9 తేదీగా పెట్టారు. అక్కడి రబ్బరు తోటల నుంచి తమిళులతోపాటు తెలుగు కూలీలను కూడా సయాం-బర్మా రైలు మార్గం పనికి తరలించారు; చాలామంది తిరిగి రాలేదు. హిరోషిమాలో 1945 చివరికి సుమారు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 70,000 మంది చనిపోయారు. వాళ్లలో వేలాది కొరియన్లున్నారు. యుద్ధం సాగితే పోయే ప్రాణాలు అంటే అమెరికన్లవి మాత్రమే అన్నట్టు రాసే లెక్క ఎంత తప్పో, బాంబు ఆపితే ఎవరూ చనిపోరన్నట్టు రాసే లెక్కా అంతే తప్పు.

టోక్యోలో ఆరుగురు

యుద్ధం ఆపాలా వద్దా అన్న నిర్ణయం వాషింగ్టన్‌ది కాదు, టోక్యోది. అక్కడ దాన్ని తేల్చాల్సింది సుప్రీం యుద్ధ మండలిలోని ఆరుగురు: ప్రధాని సుజుకి, విదేశాంగ మంత్రి తోగో, యుద్ధ మంత్రి అనామి, నౌకాదళ మంత్రి యోనాయ్, సైన్యాధిపతి ఉమెజు, నౌకాదళాధిపతి తొయోదా. మండలి నిర్ణయం ఏకగ్రీవంగా ఉండాలి. మంత్రివర్గంలోనూ అదే సంప్రదాయం. యుద్ధ మంత్రి ఒక్కడు రాజీనామా చేసి, సైన్యం మరొకరిని ఇవ్వనంటే ప్రభుత్వమే కూలిపోతుంది. అంటే లొంగిపోవడానికి అందరి సమ్మతీ కావాలి, యుద్ధం కొనసాగడానికి ఒక్కరి మొండితనం చాలు.

1945 జులై నాటికి జపాన్ ఓడిపోయిందని ఈ ఆరుగురిలో ఎవరికీ సందేహం లేదు. ఓడిపోవడం, లొంగిపోవడం ఒకటి కాదు. మొదటి దండయాత్రలో అమెరికాకు భారీగా రక్తం కార్పించి, ఆ తర్వాత మెరుగైన షరతులతో సంధి చేసుకోవాలన్నది సైన్యం పథకం. సంధికి మధ్యవర్తిగా మాస్కోను వాడుకోవాలన్నది తోగో ఆశ. సోవియట్ యూనియన్‌తో 1941 నాటి తటస్థత ఒప్పందం ఉంది. దాన్ని పొడిగించబోమని మాస్కో ఏప్రిల్‌లోనే చెప్పినా, 1946 ఏప్రిల్ దాకా అది చెల్లుతుంది. మాజీ ప్రధాని కొనోయేను చక్రవర్తి దూతగా పంపుతామని జులైలో తోగో కబురు పెట్టాడు.

మాస్కోలోని జపాన్ రాయబారి సాతో దగ్గర ఈ భ్రమలు లేవు. రాజవంశం నిలిచేలా మాట తీసుకుని మిగతాదంతా ఒప్పుకోవాలన్నది జులై 18న ఆయన పంపిన సలహా సారాంశం. జులై 21న తోగో జవాబిచ్చాడు: బేషరతు లొంగుబాటును ఏ పరిస్థితిలోనూ అంగీకరించలేం. ఈ తంతి సందేశాలన్నింటినీ అమెరికన్లు ఛేదించి చదువుతున్నారు. జపాన్ లొంగిపోవడానికి సిద్ధంగా ఉందని, అది తెలిసీ బాంబు వేశారని చెప్పేవారు కొనోయేను పంపడం గురించిన జులై 12, 13 తేదీల సందేశాలను చూపుతారు. జులై 21 నాటిది కూడా పక్కన పెట్టుకుని చదివితే చిత్రం మారుతుంది. జపాన్ యుద్ధం నుంచి బయటపడాలనుకుంది. ఏ షరతులతో అన్నది దాని నాయకుల మధ్యే తేలలేదు. అందుకే మాస్కోకు స్పష్టమైన ప్రతిపాదన ఏదీ వెళ్లలేదు.

ఆగస్టు 6, ఉదయం 8:15. సుమారు 64 కిలోల యురేనియం ఉన్న బాంబు హిరోషిమా మీద 600 మీటర్ల ఎత్తులో పేలింది. శక్తి దాదాపు 15 కిలోటన్నులు. నగరంతో సంబంధాలు తెగిపోయాయి. ట్రూమన్ ప్రకటన టోక్యోకు చేరేసరికి 7వ తేదీ తెల్లవారుజాము. అది నిజంగా అణుబాంబేనా అని సైన్యం అనుమానించింది. అణు భౌతిక శాస్త్రవేత్త నిషినాను హిరోషిమా పంపారు. 8న అక్కడికి చేరాడు. రెడ్‌క్రాస్ ఆసుపత్రిలో వాడకుండా ఉంచిన ఎక్స్‌రే ఫిల్ములు వాటంతటవే నల్లబడి ఉండటం లాంటి ఆనవాళ్లను పోగుచేసి, ఇది అణుబాంబేనని ఆ దర్యాప్తు 10వ తేదీన నిర్ధారించింది. అప్పటికి రెండోది కూడా పడిపోయింది.

ఈ మధ్యలో యుద్ధ మండలి కూర్చోలేదు. 8వ తేదీన తోగో చక్రవర్తి హిరోహితోను కలిశాడు. ఇలాంటి ఆయుధం వచ్చాక యుద్ధం సాగదని, వీలైనంత త్వరగా ముగించాలని చక్రవర్తి చెప్పాడు. సోవియట్ దాడికి ముందు రోజు జరిగిన సంభాషణ ఇది. హిరోషిమాకు ఏ ప్రభావమూ లేదని, అంతా సోవియట్ ప్రవేశం వల్లేనని వాదించేవారికి ఇది అడ్డం వస్తుంది.

అదే రోజు సాయంత్రం మాస్కోలో విదేశాంగ మంత్రి మొలొతోవ్ సాతోను పిలిచి, మధ్యవర్తిత్వం కాదు, యుద్ధ ప్రకటన చేతిలో పెట్టాడు. 9వ తేదీ అర్ధరాత్రి దాటాక 15 లక్షలకు పైగా సోవియట్ సైన్యం జపాన్ చేతిలో ఉన్న మంచూరియాలోకి చొచ్చుకొచ్చింది. జర్మనీ లొంగిన రెండు మూడు నెలల్లో యుద్ధంలోకి వస్తానని యాల్టా సదస్సులో స్టాలిన్ ఇచ్చిన మాట గడువు మీదే నిలబడింది. ఉదయం పదింటికి కాస్త ముందు చక్రవర్తి తన ఆంతరంగిక సలహాదారు కిదోను పిలిపించి, సోవియట్ యుద్ధంలోకి వచ్చింది కాబట్టి ముగింపు గురించి సుజుకితో వెంటనే మాట్లాడమన్నాడని కిదో డైరీలో ఉంది. హిరోషిమా ఒక్కటే చాలిందని వాదించేవారికి ఇది అడ్డం వస్తుంది.

పదిన్నరకు మండలి కూర్చుంది. పోట్స్‌డాం ప్రకటనను ఒకే షరతుతో, అంటే రాజవంశం నిలిచేలా, ఒప్పుకుందామని తోగో, యోనాయ్, సుజుకి. నాలుగు షరతులు కావాలని అనామి, ఉమెజు, తొయోదా: రాజవంశంతోపాటు, ఆయుధాలు మేమే దించుకుంటాం, యుద్ధ నేరాల విచారణ మేమే చేసుకుంటాం, ఆక్రమణ సైన్యం వద్దు, లేదా నామమాత్రంగా ఉండాలి. సమావేశం నడుస్తుండగానే నాగసాకి వార్త వచ్చింది. ఒక్కరి వైఖరీ మారలేదు. ముగ్గురు, ముగ్గురే.

ఆ మధ్యాహ్నం మంత్రివర్గంలో అనామి మరో సంగతి చెప్పాడు: అమెరికా దగ్గర వంద బాంబులు ఉండవచ్చు, తర్వాతి లక్ష్యం టోక్యో కావచ్చు. చిత్రహింసల్లో ఒక యుద్ధఖైదీ కల్పించి చెప్పిన అబద్ధం అది. అనామి అది నమ్మాడు. నమ్మి కూడా నాలుగు షరతులు వదల్లేదు. వంద బాంబుల భయానికే కదలని మనిషిని రెండో బాంబు కదిలించిందని ఎలా అనగలం?

సోవియట్ ప్రవేశం కూడా ఆ ముగ్గురిని కదిలించలేదు. ఇది అంతా సోవియట్ ప్రవేశం వల్లేననేవాళ్లు తరచూ దాటేసే విషయం. ఉప సైన్యాధిపతి కవాబె ఆ రోజు డైరీలో సోవియట్‌ల విషయంలో తన అంచనా తప్పిందని రాసుకున్నాడు. అయినా ఆయన తేల్చింది యుద్ధం కొనసాగించాలనే. అవసరమైతే సైనిక పాలన పెట్టాలని కూడా ఆలోచించాడు. రెండు బాంబులు, సోవియట్ దాడి కలిసి మీద పడినా మండలిలో సగం లొంగలేదు. యుద్ధాన్ని ముగించింది మండలి కాదు.

9 అర్ధరాత్రికి కాస్త ముందు రాజభవనం కింది భూగర్భ గదిలో చక్రవర్తి సమక్షంలో సమావేశం మొదలైంది. 10 తెల్లవారుజామున రెండింటి ప్రాంతంలో సుజుకి అసాధారణమైన పని చేశాడు: చక్రవర్తినే తేల్చమన్నాడు. చక్రవర్తి తోగో వైపు నిలిచాడు. ఆ మాటల్లో గమనించాల్సింది ఒకటుంది. తీరరక్షణ సిద్ధమైందని సైన్యం తనకు చెప్పిందని, టోక్యోకు తూర్పున కుజుకురి తీరంలో కోటలు పూర్తికాలేదని, కొత్త డివిజన్లకు ఆయుధాలు అందలేదని ఆయన ఎత్తిచూపాడు. బాంబు, సోవియట్ రెండింటితోపాటు సొంత సైన్యం మాటపై నమ్మకం పోవడం మూడో కారణం. దిగ్బంధం, ఆకలి, లోపలి తిరుగుబాటు భయం నాలుగోది. బాంబూ సోవియట్ ప్రవేశమూ ఒక రకంగా దైవానుగ్రహమని యోనాయ్ 12న ఒక సహచరుడితో అన్నాడు. దేశం లోపలి పరిస్థితి వల్ల యుద్ధం ఆపుతున్నామని బయటికి చెప్పాల్సిన పని వాటితో తప్పిందని ఆయన ఉద్దేశం.

అందుకే చక్రవర్తి ప్రకటనలను పట్టుకుని వాదించేవారితో జాగ్రత్త అవసరం. ఆగస్టు 15న ప్రజల కోసం రేడియోలో చదివిన సందేశంలో క్రూరమైన కొత్త బాంబు ప్రస్తావన ఉంది, సోవియట్ ఊసు లేదు. 17న సైనికుల కోసం ఇచ్చిన ఆదేశంలో సోవియట్ ఉంది, బాంబు లేదు. ఎవరికి ఏ కారణం చెబితే ఆయుధం దించుతారో వాళ్లకు ఆ కారణం చెప్పారు. ఒక్కదాన్నే చేతపట్టుకుని ‘చక్రవర్తే చెప్పాడు కదా’ అనడం ఆధారం అనిపించుకోదు.

తర్వాత రాసినవాటి బరువు

ఈ చర్చలో ఎక్కువగా వినిపించే రెండు సాక్ష్యాల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. మొదటిది 1946 నాటి అమెరికన్ వ్యూహాత్మక బాంబింగ్ సర్వే. బాంబు లేకున్నా, సోవియట్ రాకున్నా, దండయాత్ర తలపెట్టకున్నా జపాన్ 1945 డిసెంబర్ 31లోపు తప్పకుండా, బహుశా నవంబర్ 1లోపే లొంగిపోయేదని అది తేల్చింది. ఈ వాక్యం కింద ఉన్న విచారణ పత్రాలను తర్వాత పరిశోధకులు చదివి చూశారు. సర్వే అధికారులు ప్రశ్నించిన జపాన్ నాయకుల మాటలు ఆ నిశ్చయానికి సరిపోలేదు. యుద్ధం ఇంకా సాగేదన్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. మామూలు బాంబింగ్ ఒక్కటే యుద్ధాలు గెలవగలదని చూపడంలో వైమానిక దళానికి ఆసక్తి ఉన్న కాలంలో వచ్చిన నివేదిక అది.

రెండోది లీహీ, ఐసెన్‌హోవర్‌ల మాటలు. బాంబు అవసరం లేదని లీహీ 1950లో, ఐసెన్‌హోవర్ 1963లో జ్ఞాపకాల్లో రాశారు. నైతికంగా వాటికి విలువ ఉంది. కానీ 1945 జులైలో వాళ్లు ఆ అభ్యంతరం గట్టిగా చెప్పారనడానికి అప్పటి కాగితాలు దొరకడం లేదు. స్టిమ్సన్ పది లక్షల అంకెను ఏ కొలమానంతో పక్కన పెడతామో, వీటినీ అదే కొలమానంతో తూచాలి.

1965లో చరిత్రకారుడు గార్ అల్పెరోవిట్జ్ లేవనెత్తిన వాదన వేరు: అసలు ఉద్దేశం జపాన్‌ను కాదు, స్టాలిన్‌ను బెదిరించడమని. స్టాలిన్ యుద్ధంలోకి వస్తానన్నాడని ట్రూమన్ జులై 17న డైరీలో సంతోషంగా రాసుకున్నాడు. మర్నాడే, రష్యా రాకముందే జపాన్ లొంగుతుందని రాశాడు. విదేశాంగ మంత్రి జేమ్స్ బర్న్స్ సోవియట్ వాటా తగ్గాలని కోరుకున్నాడనడంలో సందేహం లేదు. అది తొందరను పెంచింది. అది లేకపోయినా బాంబు వేసేవాళ్లే. రెండు వందల కోట్ల డాలర్లు పోసి తయారుచేసిన ఆయుధాన్ని వాడతామన్నది మొదటి నుంచీ అందరూ అనుకుంటున్నదే; వాడకూడదంటే గట్టి కారణం కావాల్సి వచ్చేది. ఆ కారణాన్ని బల్లమీద పెట్టే హోదా ఉన్నవాళ్లెవరూ పెట్టలేదు.

వదిలేసిన దారులు

జనం లేని చోట బాంబును ప్రదర్శించి చూపడం గురించి తరచూ చెబుతారు. బాంబు ప్రాజెక్టులోని షికాగో శాస్త్రవేత్తలు జూన్ 11న, జేమ్స్ ఫ్రాంక్ పేరిట వచ్చిన నివేదికలో అది అడిగారు. ప్రభుత్వానికి సలహా ఇచ్చే శాస్త్రవేత్తలు ఓపెన్‌హైమర్, ఫెర్మీ, లారెన్స్, కాంప్టన్‌లు జూన్ 16న, యుద్ధాన్ని ముగించగల ప్రదర్శన ఏదీ తమకు తోచడం లేదన్నారు. హిరోషిమాను కళ్లారా చూసొచ్చిన నివేదిక తర్వాత కూడా కదలని అనామిని తలచుకుంటే, ఎడారిలో పేలుడు ఆయన్ను కదిలించేదనుకోవడం కష్టం. కానీ లక్ష్యం ఎంపిక వేరే సంగతి. చుట్టూ కార్మికుల ఇళ్లున్న యుద్ధ కర్మాగారం అయితే బాగుంటుందని బాంబు వాడకంపై సలహా ఇచ్చే తాత్కాలిక కమిటీ మే 31 సమావేశంలో అనుకుంది. హిరోషిమాలో సైనిక ప్రధాన కార్యాలయం ఉన్నా, గురిపెట్టింది నగరం నడిబొడ్డున ఉన్న అయోయ్ వంతెనకు. లక్ష్యం సైనికులే, ఆడవాళ్లూ పిల్లలూ కాదని జులై 25న ట్రూమన్ డైరీలో రాసుకున్నాడు. ఆయన ప్రభుత్వం అదే రోజు పంపిన ఉత్తర్వులో ఉన్నవి నగరాల పేర్లు.

దిగ్బంధం గురించి మెత్తగా మాట్లాడేవారు దాని అర్థం చూడాలి. మార్చి చివరి నుంచి అమెరికన్ భారీ బాంబర్లు బీ-29 విమానాలు జపాన్ రేవుల్లో 12 వేలకు పైగా సముద్ర మైన్లు చల్లాయి. తీరం వెంట ఓడలు ఆగిపోయాయి. బియ్యం రైళ్ల మీదే కదలాలి. ఆగస్టులో బాంబింగ్ ప్రాధాన్యం రైలు మార్గాల మీదికి మళ్లబోతోంది. 1945 వరి పంట ఘోరంగా దెబ్బతింది. రైళ్లు ఆగితే చలికాలంలో మొదట చచ్చేది నగరాల్లోని పసిపిల్లలు, ముసలివాళ్లు. మార్చి 9-10 రాత్రి టోక్యోలో మామూలు నిప్పుబాంబులతోనే సుమారు లక్ష మంది కాలిపోయారన్నదీ మరవకూడదు. అణుబాంబు లేని యుద్ధం దయగల యుద్ధమేమీ కాదు.

సోవియట్ ప్రవేశం కోసం ఆగి ఉంటే? చరిత్రకారుడు త్సుయోషి హసెగావా 2005లో ఈ వాదనను అందరికంటే బలంగా నిలబెట్టాడు. జపాన్ సంధి ఆశలన్నీ మాస్కో మీద ఉన్నాయి కాబట్టి, ఆ తలుపు మూసుకుపోవడం రాజకీయంగా అతి పెద్ద దెబ్బ అన్న మాటలో పస ఉంది. ఆ దారికీ మూల్యం ఉంది. యుద్ధం ఆగస్టు మధ్యలోనే ఆగినా సుమారు ఆరు లక్షల మంది జపనీయులను సైబీరియా శిబిరాలకు తరలించారు. వాళ్లలో దాదాపు పదో వంతు తిరిగి రాలేదు. జపాన్ ఉత్తర దీవి హొక్కైదోలో ఉత్తర భాగం కావాలని స్టాలిన్ ఆగస్టు 16న అడిగాడు, ట్రూమన్ కాదన్నాడు. యుద్ధం ఇంకొన్ని వారాలు సాగి ఉంటే ఆ కోరిక కాగితం మీదే ఆగేదన్న హామీ లేదు.

అన్నింటికన్నా చౌకైన దారిని మాత్రం పరీక్షించి చూడలేదు. పోట్స్‌డాం ప్రకటన ముసాయిదాలో, ప్రస్తుత రాజవంశం కింద రాజ్యాంగబద్ధ రాచరికం ఉండవచ్చన్న మాటను స్టిమ్సన్ పెట్టాడు. జులైలో అది తీసేశారు. అమెరికన్ ప్రజాభిప్రాయం భయపెట్టిందన్నది అర్థం చేసుకోగలం: జూన్ నాటి గ్యాలప్ సర్వేలో మూడో వంతు మంది హిరోహితోకు మరణశిక్ష కోరారు. ప్రకటన మీద సంతకం చేయమని స్టాలిన్‌నూ అడగలేదు. ఆ పేరు లేకపోవడాన్ని టోక్యో ఎలా చదివిందో తెలుసు: మాస్కో ఇంకా తటస్థమే, ఎదురుచూద్దాం. సుజుకి జులై 28న ప్రకటనను పట్టించుకోబోమన్నాడు.

రాజవంశానికి హామీ, స్టాలిన్ సంతకం రెండూ ఒకే కాగితం మీద ఉంటే జపాన్ జులైలోనే లొంగేదని చెప్పలేం. నాలుగు షరతుల పక్షం అప్పుడూ ఎదిరించేది. కానీ తోగో, యోనాయ్, కిదోల చేతికి ఒక వాదన దొరికేది, మాస్కో ఆశ రెండు వారాల ముందే చచ్చిపోయేది. దీనికి అయ్యే ఖర్చు రెండు వాక్యాలు. లక్షల ప్రాణాలు తీసే ఆయుధం తప్పనిసరైందని చెప్పాలంటే, అంతకన్నా తక్కువ నష్టం ఉన్న మార్గాన్ని ముందు వాడి చూసి ఉండాలి. ఆ పని జరగలేదు. పైగా జపాన్ ఒకే షరతుతో పంపిన అంగీకారానికి ఆగస్టు 11న బర్న్స్ ఇచ్చిన జవాబులో చక్రవర్తి అధికారం మిత్రదేశాల సర్వసైన్యాధ్యక్షుడికి లోబడి ఉంటుందన్నాడు. అంటే చక్రవర్తి ఉంటాడనే కదా. జులైలో ఇవ్వలేమన్నదాన్ని ఆగస్టులో చాటుగా ఇచ్చారు.

రెండో బాంబు

హిరోషిమా మీద చర్చకు రెండు పక్షాలా ఆధారాలున్నాయి. నాగసాకి మీద అలా లేవు.

రెండో దాడికి మొదట అనుకున్న తేదీ ఆగస్టు 11. 10 నుంచి ఐదు రోజులు వాతావరణం బాగుండదని సూచన రావడంతో బాంబు విమానాల స్థావరమైన టీనియన్ దీవిలోని బృందం దాన్ని 9కి జరిపింది. వాషింగ్టన్‌ను కొత్తగా అడగాల్సిన అవసరం రాలేదు. జులై 25 ఉత్తర్వు చాలు. టోక్యో ఏమంటోంది, సోవియట్ ఏం చేసింది అన్న ప్రశ్నలకు ఆ ప్రక్రియలో చోటే లేదు. ట్రూమన్ ప్రకటన నుంచి నాగసాకి దాకా టోక్యోకు దొరికింది 60 గంటల లోపు. సోవియట్ దాడి నుంచి లెక్కిస్తే 11 గంటల లోపు.

ఆ ప్రయాణం ఎలా నడిచిందో చూస్తే ఎంత చేజారిపోయిందో తెలుస్తుంది. బాక్స్‌కార్ అనే బీ-29లో రిజర్వు ట్యాంకు పంపు పనిచేయలేదు. సుమారు 640 గ్యాలన్ల ఇంధనం మోసుకెళ్లాలే తప్ప వాడటానికి లేదు. యకుషిమా దీవి మీద కలవాల్సిన మూడో విమానం కోసం 15 నిమిషాలకు బదులు 40 నిమిషాలకు పైగా తిరిగారు. అసలు లక్ష్యం కోకురా. అక్కడికి చేరేసరికి పొగ, మసక కమ్మి గురి కనిపించలేదు. మూడుసార్లు తిరిగి ప్రయత్నించి, తరిగిపోతున్న ఇంధనంతో నాగసాకికి మళ్లారు. అక్కడా మబ్బులే. 6.2 కిలోల ప్లుటోనియం ఉన్న బాంబు అనుకున్న చోటికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో, ఉరకమి లోయ మీద 11:02కు పేలింది. తిరిగి టీనియన్ వెళ్లేంత ఇంధనం లేక విమానం ఒకినావాలో దిగింది.

వెనువెంటనే రెండోది వేస్తే అమెరికా దగ్గర చాలా బాంబులున్నాయని జపాన్ నమ్ముతుందన్నది గ్రోవ్స్ తర్కం. హిరోషిమా తర్వాత తొయోదా లాంటివారు అమెరికా దగ్గర ఎక్కువ బాంబులు ఉండవని అన్నారు కాబట్టి ఆ తర్కం గాలిలో పుట్టింది కాదు. సదావో అసాదా లాంటి జపాన్ చరిత్రకారులు రెండు బాంబుల దిగ్భ్రాంతి శాంతి పక్షానికి బలమిచ్చిందని రాశారు. కానీ కిదో సుజుకిని కలిసింది, మండలి కూర్చుంది, మూడు-మూడుగా చీలింది నాగసాకి వార్త రాకముందే. వచ్చాక ఎవరి మాటా మారలేదు. రెండో బాంబు వల్లే ఓటు మార్చుకున్న మనిషి ఒక్కడూ కనిపించడు. వారం ఆగితే పోయేదేమీ లేదు: క్యుషూ తేదీ పన్నెండు వారాల దూరంలో ఉంది, మంచూరియా అప్పటికే మండుతోంది. అందుబాటులో ఉన్న ఆధారాలతో చూస్తే నాగసాకి అవసరం లేదన్నదే ఇక్కడి నిర్ధారణ.

అదే వారంలో వాషింగ్టన్ కూడా ఒక రకంగా ఇది గుర్తించింది. తర్వాతి బాంబు ఆగస్టు 17 లేదా 18 తర్వాత వాతావరణం అనుకూలించిన మొదటి రోజుకు సిద్ధమవుతుందని గ్రోవ్స్ 10న మార్షల్‌కు రాశాడు. అధ్యక్షుడి స్పష్టమైన అనుమతి లేకుండా దాన్ని వాడకూడదని అదే రోజు మార్షల్ తిరుగు రాశాడు. ఇంకో లక్ష మందిని తుడిచిపెట్టడం తలచుకుంటేనే భరించలేనట్టుందని ట్రూమన్ మంత్రివర్గంలో అన్నట్టు వాణిజ్య మంత్రి హెన్రీ వాలెస్ డైరీలో ఉంది. మామూలు బాంబింగ్ మాత్రం ఆగలేదు. 14న వందల బీ-29లు మళ్లీ జపాన్ మీదికి వెళ్లాయి. ఆ రోజే, లొంగుబాటు కబురు రాకపోతే టోక్యో మీద అణుబాంబుకు ఆదేశించడం తప్ప దారి లేదేమోనని ట్రూమన్ బ్రిటిష్ ప్రతినిధితో అన్నాడు. 14 రాత్రి టోక్యోలో కొందరు యువ అధికారులు రాజభవన రక్షక దళాధిపతిని చంపి లొంగుబాటును ఆపబోయారు. అనామి వాళ్లతో చేతులు కలపలేదు. లొంగిపోతున్నట్టు చెప్పే చక్రవర్తి ప్రకటన మీద మంత్రిగా సంతకం పెట్టి, తెల్లవారేలోగా ఆత్మహత్య చేసుకున్నాడు. ఆగస్టు 10న మార్షల్ రాసిన ఆ ఒక్క వాక్యంతో అణుబాంబు వాడే నిర్ణయం సైనిక ప్రణాళికల నుంచి అధ్యక్షుడి చేతికి వెళ్లింది. ఇప్పటికీ అమెరికాలో అది అక్కడే ఉంది.